ఇండిపెండెంట్‌ని పట్టభద్రుల ఎమ్మెల్సీకి నిలబెడదామనుకుంటే డిగ్రీ సర్టిఫికెట్ల దగ్గరే ఆగిపోయాం

వనస్థలి_వాసి
మా కాలనీ లాయర్ గారిని వచ్చే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఇండిపెండెంట్‌గా నిలబెడదామని పది మందిమి అనుకున్నాం. హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ సీటు. 2021లో గెలిచినవారి ఆరేళ్ళ గడువు 2027 మార్చిలో అయిపోతుంది.

ఆయన ఏ పార్టీలోనూ లేరు. ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకావిడ బండిని ఎత్తుకుపోతే, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి బండి తిరిగి తెప్పించిన మనిషి. ఏదో పోస్టు పెట్టాడని ఒక కుర్రాణ్ణి స్టేషన్‌కి పిలిస్తే రాత్రి రెండు దాకా వాడి పక్కనే కూర్చున్నారు. "సర్కారు చేయాల్సిన నాలుగు పనులూ సరిగ్గా చేయాలి, మిగతా వాటిలో మన జోలికి రాకూడదు" అనేది ఆయన మాట.

నలుగురం పది రోజులు తిరిగాం. డిగ్రీ ఉన్నవాళ్ళు 140 మంది తేలారు. ఓటరుగా చేరతామన్నవాళ్ళు 61. సర్టిఫికెట్ తీసి చూపించినవాళ్ళు 19. వ్యక్తి స్వేచ్ఛ మీద నాలుగు పేజీల కరపత్రం వేశాం. మర్నాడు మా వీధి చివర మిర్చి బజ్జీలు దాంట్లోనే చుట్టి ఇచ్చారు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాం?

చార్మినార్_చాయ్
కనీసం బజ్జీల వాడికైనా మీ వల్ల వ్యాపార స్వేచ్ఛ దొరికింది.

బ్యాలెట్_బాబాయ్
ముందు ఒకటి తెలుసుకోండి. ఈ ఎన్నికకు మామూలు ఓటరు జాబితా పనికిరాదు. పోయినసారి పట్టభద్రుల జాబితాలో పేరున్నా పనికిరాదు. ప్రతిసారీ పలక తుడిచి మళ్ళీ మొదటి నుంచి రాస్తారు. ఫారం-18 నింపాలి. నవంబరు 1 నాటికి డిగ్రీ పాసై మూడేళ్ళు నిండి ఉండాలి. డిగ్రీ కాపీ మీద గెజిటెడ్ ఆఫీసరో నోటరీయో సంతకం చేయాలి. నిజానికి ఎన్నిక మార్చిలో కాదు, అక్టోబరు, నవంబరు నెలల్లోనే సగం తేలిపోతుంది. ఎవరు తమవాళ్ళను చేర్పించుకుంటే వాళ్ళది.

ముప్పై ఏళ్ళు పోలింగ్ డ్యూటీలు చేసి రిటైరైన వాణ్ణి, నమ్మండి.

పాలమూరు_పోరడు
బాబాయ్ చెప్పింది నిజం. 2021లో మా ఇంట్ల ముగ్గురు డిగ్రీ వాళ్ళం. పోలింగ్ రోజు పొద్దున తయారై పోయినం. ఒక్కరి పేరు లేదు. అప్పుడు తెలిసింది వేరే ఫారం ఉంటదని.

వనస్థలి_వాసి
మేం అందరి ఫారాలూ పోగేసి ఒక్క కట్టగా ఇచ్చేద్దామనుకున్నాం.

బ్యాలెట్_బాబాయ్
తీసుకోరు. పార్టీలు, కాలనీ సంఘాలు కట్టలు కట్టి తెస్తే వెనక్కి పంపుతారు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళవి ఇంట్లో ఒకరు ఇవ్వొచ్చు. ఆఫీసులో, కాలేజీలో పనిచేసేవాళ్ళవి అక్కడి హెడ్ కలిపి పంపొచ్చు. అంతే. అందుకే కాలేజీల యజమానులు నిలబడితే వాళ్ళకు సగం పని కూర్చున్నచోటే అయిపోతుంది. మీరు మాత్రం ఇంటింటికీ తిరగాల్సిందే. ఆన్‌లైన్‌లో ఎవరికి వారు వేసుకునే దారి కూడా ఉంటుంది, ఫోన్ పట్టుకుని పక్కన కూర్చోండి.

పాత_విజిల్
నేను 2009లో కూకట్‌పల్లిలో లోక్‌సత్తా పార్టీకి తిరిగాను, మా గుర్తు విజిల్. అప్పుడు నా వయసు 22, ఇప్పుడు మోకాళ్ళు నొప్పి. మా నాయకుడు జేపీ (జయప్రకాశ్ నారాయణ్) గారు ఒక్కరే గెలిచారు రాష్ట్రం మొత్తం మీద. ఆ గెలుపు టీవీ చర్చల వల్ల వచ్చిందనుకుంటారు చాలామంది. కాదు. అపార్ట్‌మెంట్ల మెట్లు ఎక్కడం వల్ల వచ్చింది. ఆదివారం పొద్దున పేపర్ చదివే టైముకి వెళ్ళేవాళ్ళం, పది నిమిషాల కంటే కూర్చునేవాళ్ళం కాదు. ముందు వాళ్ళ గోడు వినేవాళ్ళం.

మీ కరపత్రం సంగతి: నాలుగు పేజీలు ఎవరు చదువుతారండీ? మేమూ అదే తప్పు చేశాం. అధికార వికేంద్రీకరణ అని రాస్తే జనం పక్కన పెట్టేవారు. "మీ వార్డుకి ఇన్ని డబ్బులొచ్చాయి, ఖర్చు ఎవరు పెట్టారో మీకు తెలుసా?" అంటే కుర్చీ వేసేవారు.

మౌనముని
ఒక్క నియోజకవర్గం గెలిచి మిగతా అన్ని చోట్లా ఏమైందో కూడా చెప్పండి విజిల్ గారూ. 2014లో మల్కాజ్‌గిరి సంగతి కూడా.

పాత_విజిల్
ఓడిపోయాం. దాచేదేముంది. ఒక అసెంబ్లీ సీటులో నడవగలిగాం, ఏడు అసెంబ్లీ సీట్లున్న పార్లమెంటు స్థానంలో నడవలేకపోయాం. వనస్థలి గారూ, మీది అంతకంటే పెద్దది. గద్వాల నుంచి మేడ్చల్ దాకా. నలుగురు నడిచి తిరిగే జాగా కాదు.

అశోక్‌నగర్_ఆస్పిరెంట్
నేను సూటిగా అడుగుతా. ఈ సీటులో ఓటర్లు ఎవరు? గ్రూప్స్ ప్రిపేర్ అయ్యేవాళ్ళు, ప్రైవేటు లెక్చరర్లు, సర్కారు ఉద్యోగులు, పింఛనుదారులు. మాకు కావల్సింది నోటిఫికేషన్లు. ఉద్యోగులకు పీఆర్సీ, అంటే జీతాల సవరణ. మీ లాయర్ గారేమో ప్రభుత్వం చిన్నగా ఉండాలంటున్నారు. చిక్కడపల్లి లైబ్రరీ ముందు మైకు పట్టుకుని ఆ మాట అనమనండి, చూద్దాం. చెప్పులు సర్దుకునే టైము కూడా దొరకదు.

చార్మినార్_చాయ్
నేను వీడియో తీస్తా.

వనస్థలి_వాసి
ఆయన ఉద్యోగాలు తీసేయమనడం లేదు. ఉన్న ఖాళీలు టైముకి నింపండి, పేపర్ లీకైతే బాధ్యులు ఎవరో చెప్పండి అంటారు. పర్మిషన్ల పేరుతో తిప్పుకోవద్దంటారు.

అశోక్‌నగర్_ఆస్పిరెంట్
ఆ మాట కరపత్రంలో ఏ పేజీలో ఉంది?

వనస్థలి_వాసి
మూడో పేజీ చివర.

చార్మినార్_చాయ్
అంటే బజ్జీ నూనె మరక కింద.

తెనాలి_తాతయ్య
ఈ చర్చ మాకు కొత్త కాదు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. రాజాజీ, మా రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు కలిసి అదే ఏడాది స్వతంత్ర పార్టీ పెట్టారు, రంగా గారే మొదటి అధ్యక్షుడు. ప్రతిదానికీ సర్కారు అనుమతి కావాలనే పాలనను రాజాజీ 'పర్మిట్-లైసెన్స్ రాజ్' అని ఎంత చక్కగా అన్నా మా ఊళ్ళో దాని అర్థం ఎవరికీ పట్టలేదు. "నీ చేను నీ పేరున ఉంటుందా, సంఘం పేరున పోతుందా?" అన్నది పట్టింది. 1962లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 19 సీట్లు, 1967లో 29. అదే ఏడాది లోక్‌సభలో 44. అయితే రంగా గారే 1962లో మా తెనాలిలో ఓడిపోయారు, అది వేరే బాధ.

అంతకు ముందు, తర్వాత స్వతంత్ర పార్టీలోకి వచ్చిన గౌతు లచ్చన్న గారి సంగతి చూడండి. మద్య నిషేధం పేరుతో గీత కార్మికుల బతుకు పోతోందని ఆయన ఊరూరా కదిలించారు. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తాటిచెట్టు ఎక్కే మనిషికి ఎవరూ స్వేచ్ఛ మీద ఉపన్యాసం ఇవ్వలేదు. వాడి మోకు, వాడి కత్తి, వాడి చెట్టు గురించి మాట్లాడారు.

మౌనముని
తాతయ్య గారూ, స్వతంత్ర పార్టీ అంటే జమీందార్లు, రాజులు, మిల్లు యజమానుల పార్టీ అని మా నాన్న అనేవారు. 'స్వేచ్ఛ' అన్నప్పుడల్లా ఎవరి స్వేచ్ఛ అని అడగాలి. కౌలు రైతుకి ఆ పార్టీ ఏం చేసింది?

తెనాలి_తాతయ్య
రాజులు ఉన్నారు, కాదనను. రాజస్థాన్‌లో, ఒడిశాలో వాళ్ళదే జోరు. కౌలుదారు విషయంలో మీ నాన్నగారి మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ లచ్చన్న గారు గీత కులం నుంచి వచ్చిన మనిషి, ఆయన జమీందారు కాదు.

ఇంకో వింత వినండి. 1989 నుంచి కొత్తగా పార్టీ రిజిస్టర్ చేయాలంటే సోషలిజానికి కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఎ. ఆ తర్వాత స్వతంత్ర పార్టీని మళ్ళీ నిలబెట్టబోయిన వాళ్ళు మేం అలా రాయలేమన్నారు. రిజిస్ట్రేషన్ దక్కలేదు. బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళారు. అందుకని మీ లాయర్ గారు ఇండిపెండెంట్‌గా పోవడమే మేలు.

పాలమూరు_పోరడు
అంటే సోషలిస్టులం అని సంతకం పెడితేనే సోషలిజం వద్దనే పార్టీ పెట్టొచ్చు. మస్తుంది.

నాష్వా_నాని
నేను అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటా. ఇక్కడ రాష్ట్ర దిగువ సభలో 400 మంది సభ్యులు. జీతం ఏడాదికి వంద డాలర్లు. ఒక్కో సభ్యుడికి మూడు వేల చిల్లర జనాభా వస్తుంది. అందుకే స్వేచ్ఛావాదులు ఇరవై వేల మందిమి ఈ రాష్ట్రానికి మారదాం అని ఉద్యమం పెట్టుకుని, 2016 నాటికి అన్ని సంతకాలూ సంపాదించారు. మా వీధిలో ఒకాయన మంచులో బూట్లేసుకుని ప్రతి తలుపూ కొట్టాడు. నాకింకా ఓటే లేదని చెప్పినా పావుగంట మాట్లాడాడు. అలా చేయొచ్చు కదా?

మౌనముని
మూడు వేల జనాభాకీ, మన సీటులో పోయినసారి ఐదు లక్షల పైచిలుకు ఓటర్లకీ పోలికేంటి నాని గారూ? మీ అభ్యర్థి బూట్లు అరగడం మొదలవకముందే సీటు అయిపోతుంది.

నాష్వా_నాని
సరే, చందా పంపనా?

బ్యాలెట్_బాబాయ్
భారత పాస్‌పోర్టు ఉంటే వేరు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు అయితే మీ డబ్బు విదేశీ విరాళం కిందకి వస్తుంది, అభ్యర్థి ముట్టుకోకూడదు. ముందు మీ సొరుగులో ఏముందో చూసుకోండి.

నాష్వా_నాని
పాస్‌పోర్టే. ఇంకా క్యూలోనే ఉన్నాం ఇక్కడ.

కౌంటింగ్_కాకి
2021లో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో ఏజెంటుగా కూర్చున్నా. 93 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ దినపత్రికంత. మార్చి 17న మొదలుపెడితే 20న తేలింది. అందరికంటే కింద ఉన్నవాణ్ణి తీసేయడం, వాడి ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికుందో చూసి పంచడం. మళ్ళీ తీసేయడం, పంచడం. చివరికి టీఆర్ఎస్ సురభి వాణీదేవి గారు, బీజేపీ రామచందర్‌రావు గారు మిగిలారు, వాణీదేవి గారు గెలిచారు. మూడో స్థానంలో ప్రొఫెసర్ నాగేశ్వర్ గారు. ఆయన అంతకుముందు ఇదే సీటులో ఇండిపెండెంట్‌గా గెలిచిన మనిషి. కాబట్టి ఇండిపెండెంట్ గెలవడని కాదు, కానీ ఆయన పేరు అప్పటికే ఇంటింటా తెలుసు.

చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. అందరూ డిగ్రీ చదివినవాళ్ళే!

లెక్చరర్_లక్ష్మి
టిక్కు పెట్టేసి ఉంటారు. మా స్టాఫ్ రూములో ఒకాయన గర్వంగా సంతకం కూడా చేసొచ్చారు.

బ్యాలెట్_బాబాయ్
వాళ్ళిచ్చే వంగపండు రంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వేయాలి. సొంత పెన్ను తీశారో పోయింది. 1 ఒక్కరికే. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. తెలుగు అంకె వేస్తే చెల్లుతుంది గానీ, దాన్ని గుర్తుపట్టే ఏజెంటు దొరకాలి. ఇంకో మాట, బ్యాలెట్ మీద గుర్తులుండవు. పేరు, ఫొటో, పార్టీ పేరు. విజిల్ ఊదినా లాభం లేదు.

పాత_విజిల్
గ్రహించాను బాబాయ్ :)

మౌనముని
గెలిచినా ఏం ఒరుగుతుంది? 40 మందిలో ఒక్కడు. శాసనమండలి ఏ బిల్లునూ పూర్తిగా ఆపలేని సభ. మూడు నెలలు ఆలస్యం చేయగలదు, ఆ తర్వాత ఇంకో నెల, అంతే. రాజ్యాంగం 197వ అధికరణం చదవండి. ద్రవ్య బిల్లయితే 14 రోజులు.

తెనాలి_తాతయ్య
ఆ మాత్రం ఆలస్యమే కొందరికి మంట. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు మా ఆంధ్రప్రదేశ్ మండలిలో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నామనగానే, వారం తిరక్కుండా మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. 2021 నవంబరులో ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారనుకోండి. ఏమీ చేయలేని సభను ఎవరు రద్దు చేయాలనుకుంటారు?

మౌనముని
అది మెజారిటీ ఉన్నప్పటి మాట. ఒక్క ఇండిపెండెంట్ ప్రశ్న వేస్తాడు, మంత్రి చదివి వినిపిస్తాడు, టీ బ్రేక్.

లెక్చరర్_లక్ష్మి
అందరూ ఓట్లు, బిల్లులు అంటున్నారు. మొదటి పోస్టులో ఒక అంకె మీద ఎవరూ ఆగలేదు. చేరతామన్నవాళ్ళు 61, సర్టిఫికెట్ చూపించినవాళ్ళు 19. మిగతా 42 మంది సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి?

వనస్థలి_వాసి
కొన్ని అటక మీద, కొన్ని అత్తారింట్లో, ఒకటి బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ కింద. ఒకాయనది ఎలుక కొట్టేసింది. ఎక్కువ మంది "కాలేజీలో ఉంది" అన్నారు. సరేలే తెచ్చుకోండి అని చెప్పి వచ్చేశాం.

లెక్చరర్_లక్ష్మి
'కాలేజీలో ఉంది' అంటే ఏమనుకున్నారు, భద్రంగా దాచుకున్నారనుకున్నారా? ఫీజు బాకీ ఉందని పట్టుకున్నారు. నేను పన్నెండేళ్ళుగా ప్రైవేటు కాలేజీల్లో చెబుతున్నా. ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు నుంచి రాదు. వచ్చేదాకా పిల్లల దగ్గర కట్టించుకుంటారు, లేదా ఒరిజినల్స్ బీరువాలో పెడతారు. నాకు తెలిసిన అమ్మాయి ఒకతి మూడేళ్ళ క్రితం పాసైంది. ఉద్యోగం వచ్చింది, ఒరిజినల్స్ చూపించమన్నారు, చూపించలేక ఆ ఉద్యోగం పోయింది. కాలేజీ పేరు చెప్పను, నా జీతం కూడా అక్కడే ఆగి ఉంది.

2018లోనే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కాగితం మీద ఉంది. మీ లాయర్ గారికి స్వేచ్ఛ అంటే ఏమిటో చూపించాలంటే ఆ బీరువా తాళం చూపించండి.

అశోక్‌నగర్_ఆస్పిరెంట్
ఇదీ మాట. నా రూమ్‌మేట్‌ది కూడా అంతే. ఈ ముక్క మైకులో చెబితే లైబ్రరీ ముందు చెప్పులు లేవవు, చేతులు లేస్తాయి.

పాలమూరు_పోరడు
మా చెల్లెది రెండేండ్లు ఆపిండ్రు. మా నాయన పత్తి అమ్మిన పైసలు కట్టి తెచ్చిండు. తర్వాత సర్కారు పైసలు కాలేజీకి వచ్చినయో లేదో ఎవరికెరుక.

మౌనముని
ఇక్కడే మీ సిద్ధాంతం ఇరుక్కుంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ అనేదే ప్రభుత్వ సాయం. వైఎస్ హయాంలో వచ్చింది. తక్కువ సర్కారు కావాలనే మనిషి "సర్కారు బకాయిలు వెంటనే కట్టు" అని ఎలా అడుగుతాడు?

వనస్థలి_వాసి
మంచి ప్రశ్న. ఆయన్నే అడిగి వస్తాను, రాత్రికి రాస్తా.

చార్మినార్_చాయ్
అభ్యర్థి సమాధానం కోసం రాత్రి దాకా ఆగడం నా జీవితంలో మొదటిసారి. మామూలుగా అయిదేళ్ళు.

పాత_విజిల్
నాకు ఇందులో చిక్కేం కనిపించలేదు. డబ్బు కాలేజీకి కాకుండా విద్యార్థి వెంట వెళ్తే, నచ్చిన కాలేజీ వాడే ఎంచుకుంటే, అది స్వేచ్ఛకి దగ్గరే. ఈ పథకం సగం అలాంటిదే. చెడిందల్లా ఇస్తానన్న మాట తప్పడం దగ్గర. అప్పు తీర్చమని అడగడానికి సోషలిస్టు కావాలా?

మౌనముని
తీర్చడానికి పన్నులు కావాలి. అది కూడా చెప్పమనండి.

వనస్థలి_వాసి
అడిగాను. రెండు ముక్కలు చెప్పారు. ఒకటి, "పథకం ఉండాలా వద్దా అనేది రేపటి చర్చ. ఇచ్చిన మాట ప్రకారం పిల్లలు చేరారు, ఆ బాకీ కట్టాల్సిందే. ఒప్పందం నిలబడకపోతే ఏ స్వేచ్ఛా నిలబడదు." రెండు, "సర్కారు కాలేజీకి బాకీ పడితే, కాలేజీ పిల్లవాడి కాగితం పట్టుకోవడం ఏ చట్టం? పక్కింటివాడు అప్పు ఎగ్గొట్టాడని నా సైకిల్ లాక్కున్నట్టుంది." పన్నుల మాట మౌనముని గారన్నారని చెబితే నవ్వి, "ఆయన్ని మన కమిటీలో వేయండి, నన్ను రోజూ తిట్టే మనిషి ఒకడు కావాలి" అన్నారు.

మౌనముని
నేను ఓటే వేయనన్నాను, కమిటీలో వేస్తారా?

చార్మినార్_చాయ్
మూడో ప్రాధాన్యమైనా వేయండి మునిగారూ. అదీ పంచుతారట.

బ్యాలెట్_బాబాయ్
ఫారం-18కి ఒరిజినలే జతచేయనక్కర్లేదు. ప్రొవిజనలో మార్కుల మెమోనో ఉంటే దాని కాపీ అటెస్ట్ చేయించి పెట్టొచ్చు. ఒరిజినల్ కాలేజీలో ఉన్నవాళ్ళలో కొందరి దగ్గర మెమో జెరాక్స్ ఉంటుంది, కానీ అటెస్ట్ చేసేవారు ఒరిజినల్ చూపించమంటారు. అక్కడ మీ లాయర్ గారి స్నేహితుల్లో నోటరీ ఎవరైనా ఉంటే మాట్లాడుకోండి. దొంగ సంతకాలు మాత్రం వద్దు, ఒక్కటి దొరికినా మొత్తం అనుమానిస్తారు.

కౌంటింగ్_కాకి
ఖర్చు సంగతి కూడా చూసుకోండి. అసెంబ్లీకి ఉన్నట్టు మండలి ఎన్నికకు ఖర్చు పరిమితి లేదు. అవతలివాళ్ళు ఎంతైనా పెట్టొచ్చు, అదీ చట్టబద్ధంగానే. మీ దగ్గరెంత?

వనస్థలి_వాసి
డిపాజిట్ పదివేలు పక్కన పెట్టాం. అది కాక లక్షా నలభై వేలు. పది మంది ప్రతిపాదకులు ఉన్నారు, అందరం ఇక్కడే ఉన్నాం.

కౌంటింగ్_కాకి
సరే. మిగతా అభ్యర్థుల్లో సగం మందితో ముందే మాట్లాడుకోండి. "మీ వాళ్ళకు మొదటిది మీరే వేయించుకోండి, రెండోది మా ఆయనకి" అని. చిన్న అభ్యర్థులు ఒకరినొకరు తిట్టుకుని పోతారు, పెద్దవాళ్ళు ఆ రెండో ఓట్లు ఏరుకుంటారు. నేను చూసింది అదే.

లెక్చరర్_లక్ష్మి
నేను మా కాలేజీలో చేయలేను, ఉద్యోగం పోతుంది. కానీ నా పాత విద్యార్థుల నంబర్లు మూడు వందలు పైన ఉన్నాయి. ఎవరి సర్టిఫికెట్ ఎక్కడ ఆగిందో అడుగుతా. పార్టీ మాట, అభ్యర్థి మాట ఎత్తను. ముందు కాగితం బయటికి రానీ.

వనస్థలి_వాసి
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. కరపత్రం మానేశాం. నోటుబుక్కులో ఒక గడి పెంచాం: 'సర్టిఫికెట్ ఎక్కడ?' కాలేజీల్లో ఉన్నవి మా కాలనీలోనే 23. లాయర్ గారు 23 మందికీ విడివిడిగా కాలేజీలకు లేఖలు రాసిచ్చారు, యూజీసీ నోటిఫికేషన్ కాపీ జతచేసి. ఫీజు తీసుకోలేదు. నిన్నటికి ఆరుగురికి ఇచ్చేశారు. ఒక కాలేజీ మాత్రం "వచ్చి మాట్లాడండి" అంది.

ఆ ఆరుగురిలో ఇద్దరు ఓటు వేరే పార్టీకే వేస్తామని మొహం మీదే చెప్పారు. లాయర్ గారు "మంచిది, ఫారం-18 అయితే నింపండి" అన్నారు. మా వాళ్ళలో ఒకడికి ఒళ్ళు మండింది, రాత్రి నుంచి ఫోన్ తీయడం లేదు.

అశోక్‌నగర్_ఆస్పిరెంట్
మా హాస్టల్లో 9 మంది ఉన్నారు. ఆ లేఖ నమూనా పెట్టండి. పేర్లు తీసేసి.

పాలమూరు_పోరడు
జడ్చర్లలో ఆదివారం కూసుంటం. మా బాబాయి జెరాక్స్ షాపు తెరుస్తనన్నడు, కాగితం ఖర్చు మాత్రం మనదే అన్నడు. నోటరీ దొరికిండు గానీ పొద్దున పదకొండు దాటితే ఉండడంట. పదింటికల్లా రండ్రి.